వేలెడు లూజు

జూన్ 3

టేపు నా చేతికే వచ్చింది! వీధిలో ఇంతమంది ఆడవాళ్ళుండగా, నా చేతికే!

ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే ఈ సంతోషం కడుపులో నిలిచేలా లేదు. మా ఆయనకు చెబితే రేడియో వెనక మూత విప్పుకుంటూ "ఊఁ" అన్నారు. ఈయనకు లోకంలో ఏం జరిగినా రేడియో చెబితేనే నమ్మకం. అందుకే మా కుట్టు షాపుకు ఎవరో ఇచ్చిన ఈ డైరీ ఆయన దగ్గర లాక్కున్నాను.

పొద్దున ఆరోగ్య కేంద్రం నర్సమ్మ మా వీధికి వచ్చింది. ఒక్క మనిషి, ఎన్నో వీధులు. అరుగు మీద కూలబడి మంచినీళ్ళు తాగి అసలు సంగతి చెప్పింది. "పిల్లలు బాగా చిక్కిపోయి, జ్వరంతో ఆసుపత్రికొచ్చేదాకా మాకు తెలియట్లేదమ్మా. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటున్నాం. ప్రతి వీధిలో ఒకళ్ళు నెలకోసారి అయిదేళ్ళలోపు పిల్లల జబ్బ కొలిచి చూస్తే చాలు, ముందే పట్టేయొచ్చు" అంది. సంచిలోంచి సన్నటి టేపు తీసింది. దానిమీద మూడు రంగులు. చివర చిన్న కిటికీ లాంటి కన్నం. జబ్బకు చుట్టినప్పుడు ఆ కిటికీలో ఆకుపచ్చ కనిపిస్తే భయం లేదు. పసుపైతే జాగ్రత్త. ఎరుపైతే పరుగున ఆమెకు కబురు.

నిజం చెప్పాలంటే ఆమె అడిగింది మా కోడల్ని. కోడలు నోరు తెరిచేలోపు నేనే అన్నాను, "దానికి లాండ్రీలో పనే సరిపోతుంది, తీరికెక్కడిది? నేనున్నానుగా!" పాపం, పిల్లకు ఒక బరువు తప్పించాను.

నర్సమ్మ టేపు ఎలా పట్టుకోవాలో చెప్పబోయింది. "ఈ వీధిలో ఎవరి చొక్కా అయినా చూడు తల్లీ, నా టేపు తగలని ఒళ్ళు లేదు. నాకు నేర్పుతావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది కానీ లోపల పొయ్యి మీద పాలు. కోడలు మాత్రం అక్కడే నిలబడి విన్నది. పని నాదైనప్పుడు దానికెందుకో!

జూన్ 5

కొలిచేశాను. వీధి వీధంతా, ఒక్క పూటలో!

పిల్లల్ని నా మిషను పక్కన స్టూలు మీద నిలబెట్టి, ఎడమ చెయ్యి వదులుగా వేలాడేయించి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాను. నా చెయ్యి పడితే ఏడ్చే పిల్లలు కూడా ఏడవరు. పక్కింటి సైరన్ కూతురు పిడుగు ఒక్కటే టేపు నోట్లో పెట్టుకుంది. (పక్కింటావిడ గొంతెత్తితే ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది, అందుకే ఆ పేరు. ముఖం మీద పిలవను.)

పిడుగూ, వడ్రంగి గారి చిన్నాడూ పసుపు. మిగిలినవాళ్ళంతా ఆకుపచ్చ. ఎరుపు ఒక్కటీ లేదు. ఎంత ఊపిరి పీల్చుకున్నానో!

మా మనవడు దొర కూడా ఆకుపచ్చే. గీతకు కాస్త ఇవతల, అంతే. పచ్చ పచ్చే కదా.

కోడలు గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, వాడి చొక్కా భుజాల మీదనుంచి జారిపోతోంది. ఒక్కసారి నేను కొలిచి చూడనా?" అంది.

"కొలిచింది నేనే కదమ్మాయ్, మళ్ళీ కొలతేంటి? మా వంశమే సన్నం" అన్నాను.

(మా ఆయన పొట్ట సంగతి వేరు. అది రేడియో ముందు కూర్చుని వచ్చింది.)

జూన్ 8

గిన్నె పెట్టాం!

ఆలోచన నర్సమ్మది. గిన్నె మాత్రం నాది, అరుగు నాది, పొయ్యి నాది. ఇంటికో పిడికెడు. పప్పున్నవాళ్ళు పప్పు, గింజలున్నవాళ్ళు గింజలు, ఎవరి పెరట్లో ఆకుకూర ఉంటే అది, ఓ గుడ్డు, చెంచాడు నూనె. అన్నీ కలిపి మెత్తగా ఉడికించి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పెట్టడమే. ఇంట్లో ఒంటరిగా నోరు తెరవని పిల్లలు పక్కవాడు తింటుంటే చూసి తింటారట. నర్సమ్మ చెబితే నవ్వాను కానీ కళ్ళారా చూశాను. వడ్రంగి గారి చిన్నాడికి ముద్ద పెట్టాలంటే వాళ్ళమ్మ వీధంతా వెంటపడేది. ఇవాళ పిడుగు తింటోందని పంతానికి గిన్నె నాకేశాడు!

సైరన్ రెండు గుడ్లు తెచ్చి, తెచ్చినట్టు నాలుగు వీధులకూ వినిపించేలా చెప్పింది. చెప్పుకోనీ. గుడ్లు గుడ్లే.

దొరను నా పక్కనే పీట మీద కూర్చోబెట్టుకున్నాను. మిగతా పిల్లలు కోతిమూకలా గోల చేస్తుంటే వీడు ఫోటోలో పిల్లాడిలా కదలకుండా కూర్చున్నాడు. అడగడు, ఏడవడు, లాక్కోడు. దొర అని ఊరికే పేరు పెట్టానా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వాడికేం లోటు.

జూన్ 9

ఈ వీధిలోకి కాపురానికొచ్చాక, ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోని రోజు ఇదే మొదటిది.

జూన్ 17

మిషను తొక్కే తీరిక లేదు. స్కూలు యూనిఫాములు గుట్టగా పడి ఉన్నాయి. పోనీ! మనసు నిండుగా ఉంటే కుట్టు ఎక్కడికి పోతుంది.

ఇవాళ సైకిల్ షాపాయన వచ్చాడు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఓ డబ్బాడు వేరుశనగ గింజలు అరుగు మీద పెట్టి, "నాకు పిల్లల్లేరమ్మా, కానీ ఈ గోల లేకపోతే పంక్చరు వెయ్యబుద్ధి కావట్లేదు" అన్నాడు. అందరం గొల్లున నవ్వాం. వేయించి దంచి గిన్నెలో కలిపాం. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగారు. గరిటె తిప్పీ తిప్పీ నా భుజం పట్టేసింది. ఎంత హాయిగా ఉందో ఆ నొప్పి!

దొర గరిటె అందేలోపే పీట మీద నిద్రపోయాడు. నిద్రమొహం. పొద్దున వాళ్ళమ్మ తినిపించే ఉంటుంది, అందుకే ఆ మత్తు.

జూన్ 25

పై వీధి ఆడవాళ్ళు మా గిన్నె చూడటానికి వచ్చారు! ఆకుకూర సన్నగా తరగకపోతే పిల్లలు ఉమ్మేస్తారని, నూనె చివర్లో వెయ్యాలని, పెద్ద పిల్లల్ని చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టొద్దని, అన్నీ విడమరచి చెప్పాను. వాళ్ళు తలలూపుతుంటే నాకు ఎక్కడలేని ఊపొచ్చింది. సాయంత్రం మా ఆయన, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని గొణిగారు. ఇంట్లో ఏం ఓడానో అడిగితే రేడియో గొంతు పెంచారు.

జూలై 4

పచ్చ! పచ్చ! పచ్చ!

రెండోసారి కొలిచాను. పిడుగు పసుపు దాటేసింది. వడ్రంగి గారి చిన్నాడు కూడా. ఒక్కొక్కళ్ళనీ స్టూలెక్కించడం, కిటికీలో రంగు చూడటం, నేను "పచ్చ!" అని అరవడం, బయట ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం. సైరన్ నన్ను వాటేసుకుంది. ఆవిడ సంతోషం నా కుడి చెవిలో ఇంకా గుయ్యిమంటోంది.

ఈ సంగతి నర్సమ్మకు కబురు చేశాను. నక్క తోక తొక్కిన వీధి మాది అని చెప్పమన్నాను. కాదు, తొక్కిందేం లేదు. కష్టపడ్డాం.

దొర గీత మీదే ఉన్నాడు. పోయిన నెల గీతకు ఇవతల, ఈ నెల గీత మీద. గీత కూడా పచ్చలోకే వస్తుంది, నా లెక్కలో.

జూలై 6

ఒళ్ళు మండిపోతోంది.

నర్సమ్మ ఇంటికొక టేపు పంపింది. తల్లులే ఎవరి పిల్లల్ని వాళ్ళు వారంవారం చూసుకోవచ్చట. మంచిదే. మన ఇంటికి రెండోది ఎందుకని మాది వెనక్కి పంపేశాను. గంట తిరక్కుండా సైరన్ మా గుమ్మంలో ఉంది.

"పిన్నీ, మా పిడుగుకి పసుపొస్తోంది!"

"మొన్ననే కదా పచ్చ వచ్చింది. నువ్వే బిగించి ఉంటావు."

"బిగించలా. నర్సమ్మ చెప్పినట్టే పెట్టా. ఒంటికి ఆనాలి, నొక్కకూడదంది."

"మూట కట్టినట్టు కట్టి ఉంటావ్. నీ చెయ్యి నాకు తెలీదా, బట్టలు పిండితే చిరుగులు పడతాయి!"

"నా చెయ్యి సంగతి సరే, మీ చెయ్యి సంగతి చూసుకోండి!" అని వీధి దద్దరిల్లేలా అని వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళుగా కొలతలు తీస్తున్న చెయ్యి ఇది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారే, అలాంటి మనుషులతో వాదించి లాభం లేదు. గిన్నె దగ్గరికి వచ్చింది కానీ నాతో మాట్లాడలేదు. ఇవాళ గుడ్లూ తేలేదు.

జూలై 9

దొరకు నిన్న ఒళ్ళు వెచ్చబడింది. వెనక పళ్ళు వస్తున్నాయేమో. రెండేళ్ళు దాటాక కూడా వస్తాయి. ఇవాళ తగ్గింది.

జూలై 10

కోడలు నాతో మాట్లాడటం లేదు. లాండ్రీలో పని ఎక్కువై అలిసిపోయి ఉంటుంది. అబ్బాయి లారీ వేసుకుని వెళ్ళి చాలా రోజులైంది, దాని బెంగ కూడా కావచ్చు.

జూలై 12

రాయబుద్ధి కావట్లేదు. అయినా రాస్తాను, వరసగా రాస్తాను.

పొద్దున గిన్నె పని అయ్యాక డాన్సు మాస్టారు వచ్చాడు. ప్రోగ్రాము డ్రెస్సుకు కొలతలివ్వాలి. సన్నటి మనిషి, మాట తీరు కూడా గిరగిరా తిరిగినట్టే ఉంటుంది. చెయ్యి చాపి నిలబడ్డాడు. జబ్బకు టేపు చుట్టాను.

"మీ వేలు అడ్డమొస్తోందమ్మా" అన్నాడు.

"అడ్డం కాదు బాబూ, లూజు. గుడ్డ కింద వేలు దూరేంత చోటుండాలి, లేకపోతే చెయ్యి ఎత్తగానే కుట్లు పిగులుతాయి."

"నాది సాగే గుడ్డ. లూజు అసలొద్దు, ఒంటికి అతుక్కోవాలి. వేలు తీసెయ్యండి."

తీశాను. టేపు చర్మానికి అంటుకుంది. అంకె చూశాను. ముందు చూసిన అంకె ఎక్కడ, ఇదెక్కడ! అంత తేడానా? మళ్ళీ చుట్టాను. వేలు నన్ను అడక్కుండానే టేపు కిందకి దూరింది. చూపుడువేలు, పైనుంచి కిందికి, ఎప్పటిలాగే. నేను దాన్ని పెట్టలేదు. అదే వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా అదే వెళ్తోంది.

నాకు అప్పుడు అర్థమైంది. స్టూలు మీద నిలబెట్టిన ప్రతి పిల్ల జబ్బ మీదా నా వేలు ఉంది. చొక్కాకు వదిలినట్టు, పిల్లల చేతులకు కూడా లూజు వదిలాను. ఆ వేలితో కలిపి పచ్చ!

డాన్సు మాస్టారు "ఏమైందమ్మా?" అంటున్నాడు. నేను రంగుల టేపు పట్టుకుని లోపలికి పరిగెత్తాను.

దొర మంచం మీద పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు, ఊరికే పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎడమ చెయ్యి తీసుకున్నాను. టేపు చుట్టగానే దొంగ వేలు మళ్ళీ దూరింది. దాన్ని మడిచి, బొటనవేలితో తొక్కిపెట్టి, మిగతా వేళ్ళతో లాగాను. కిటికీలో ఎరుపు. పసుపు కాదు, ఎరుపు. మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. టేపుకు నా మీద జాలి లేదు.

భయమేసింది. ఇంత భయం నాకు పురుడు గదిలో కూడా వెయ్యలేదు. ఆ జబ్బ నా రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోతోంది. రోజూ ఎత్తుకుంటున్నాను, రోజూ స్నానం చేయిస్తున్నాను, ఏం చూస్తున్నాను నేను? వీధి పిల్లలందరి బుగ్గలూ చూశాను. నా చంకలో ఉన్నవాణ్ణి చూడలేదు.

వాణ్ణి భుజాన వేసుకుని లాండ్రీకి పరిగెత్తాను. కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా ముఖం చూసింది. "ఎరుపమ్మాయ్" అన్నాను. "కొలిచింది నేనే. ముందు కొలిచిందీ నేనే. తప్పు కొలిచాను." వాణ్ణి అందుకుని, "పదండి అత్తయ్యా" అంది.

ఆరోగ్య కేంద్రానికి నడుస్తుంటే అడిగింది, "గిన్నె దగ్గర బాగా తింటున్నాడు కదా, మరి ఇలా ఎందుకైంది?"

"గిన్నె దగ్గర సరిగ్గా తినడు. నువ్వు పొద్దున్నే పెట్టి వెళ్తున్నావనుకున్నా."

కోడలు ఆగిపోయింది. "నేను పెట్టట్లేదు అత్తయ్యా. గిన్నె మొదలైన దగ్గర్నుంచి మీరు అక్కడ పెడుతున్నారని, పాలు మాత్రం పట్టి వెళ్తున్నా."

ఇద్దరం నడిరోడ్డు మీద నిలబడిపోయాం. వెనకనుంచి ఎవరో బెల్లు కొడితే పక్కకు జరిగాం. అడగని పిల్లాడు. అడిగి ఉంటే, ఒక్కసారి ఏడ్చి ఉంటే! అడగలేదని మురిసిపోయింది ఎవరు?

నర్సమ్మ వాడి పాదాలు బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు, వాపు లేదన్నమాట. జ్వరం చూసింది, లేదు. బరువు చూసింది. అప్పుడు వేరుశనగ ముద్ద ప్యాకెట్ ఒకటి తీసి, మా ఇద్దరికీ స్పష్టంగా చెప్పింది. "ఇది వీడికి మందూ, తిండీ. నా ముందు తింటే ఇంటికి పంపిస్తా, ఇంట్లోనే బాగవుతాడు. తినకపోతే ఒంట్లో ఆకలి చచ్చిపోయినట్టు లెక్క. అప్పుడు పెద్దాసుపత్రిలో చేర్చాలి. రేపు కాదు, ఇవాళే."

ప్యాకెట్ నేనే లాక్కున్నాను. "తిను నాన్నా! ఆఁ! నోరు తెరువు! తెరవ్వేం? తినకపోతే సూదేస్తారు, చూడు!" వాడు ముఖం తిప్పేసుకున్నాడు. ఇంకా గట్టిగా అన్నాను. పెదవులు బిగించేశాడు.

"టైలరమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అంది నర్సమ్మ. కోపంగా కాదు. అందుకే లేచాను.

బయట బల్ల మీద కూర్చున్నాను. చెవులు ఆ తలుపుకు కుట్టేసినట్టు ఉన్నాయి. ఏమీ వినపడదు. తరవాత కోడలి గొంతు, వాడితో కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఏదో పాట. నీళ్ళ గ్లాసు చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. ఎదురుగా ఒకాయన ఏదో అడిగితే వినపడనట్టు ఊరుకున్నాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ ఖాళీ ప్యాకెట్ పట్టుకుని ఉంది. "కాస్త కాస్తగా, మొత్తం తిన్నాడు. ఇంటికి తీసుకెళ్ళండి."

అక్కడే ఏడ్చేశాను. కోడలు నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యికి ముద్ద అంటుకుని ఉంది. నా జాకెట్టుకు మరకైంది. ఉతకను.

(ఇంటికొచ్చేసరికి డాన్సు మాస్టారు షాపులోనే ఉన్నాడు. మా ఆయన ఆయనకు మంచినీళ్ళిచ్చి రేడియో పెట్టి వినిపిస్తున్నారు.)

జూలై 13

చెప్పేశాను. గిన్నె దగ్గర, అందరి ముందు. చెప్పకుండా ఉంటే ఏ పిల్ల ఏ రంగులో ఉందో వీధిలో ఎవరికీ తెలియదు. ఒక్క పూట ఆలస్యం చేసినా తప్పే.

వేలు చూపించి మరీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వడ్రంగి గారి భార్య కళ్ళు తుడుచుకుంది. ఒకావిడ, "అయితే చప్పట్లు కొట్టింది దేనికి?" అంది. సైరన్ అరుస్తుందని కాచుకుని ఉన్నాను, అరిస్తే తేలిగ్గా ఉండేది. మెల్లగా అంది, "మొన్ననే పసుపని తేలి ఉంటే మా పిడుగుకి కూడా నర్సమ్మ ఏదో ఒకటి ఇచ్చేది కదా పిన్నీ."

ఆ మెల్లటి గొంతు ఇంకా వినిపిస్తోంది.

రంగుల టేపు తీసుకెళ్ళి కోడలి చేతిలో పెట్టాను. ఆ రోజు నిలబడి విన్నది అదే కదా. అందర్నీ మళ్ళీ కొలిచింది. పిడుగు, వడ్రంగి గారి చిన్నాడు, ఇంకో ఇద్దరు పసుపు. మిగతావాళ్ళు నిజంగానే పచ్చ. నర్సమ్మ వచ్చింది. నేను తలెత్తలేదు. ఆమె మాత్రం వింత మాట చెప్పింది. "టైలరమ్మా, రెండుసార్లూ దూరింది మీ వేలే కదా? అప్పుడూ ఇప్పుడూ అదే లూజు. అంటే పిల్లలు పెరిగిన మాట నిజమే. గిన్నె పనిచేస్తోంది. మీరు మొదలెట్టిన చోటు మాత్రమే తప్పు."

గిన్నె పనిచేస్తోంది! ఎంత బాధలో ఉన్నానో, అంత సంతోషం కూడా ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. సిగ్గేసింది, అయినా వచ్చింది.

"సరే, ముందు ఆ గిన్నె దించండి, అడుగంటుతోంది" అంది సైరన్. దించాం. తరవాత ఆవిడే ఒక మాట అంది. ఎవరి పిల్లని వాళ్ళు చూసుకుంటే కళ్ళకు కనపడట్లేదట. "నేను మీ దొర మీద కన్నేస్తా. మీరు మా పిడుగు మీద కన్నెయ్యండి. ఎంత తిన్నారో, అసలు తిన్నారో లేదో, సాయంత్రం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుందాం." అందరూ అలాగే జతలు కట్టారు. నేను గరిటె పడతాను. టేపు ముట్టను.

జూలై 15

దొరకు ముందు ప్యాకెట్టు, ఆ తరవాతే గిన్నె. పీట తీసేశాను. అందరితోపాటు వరసలో కూర్చున్నాడు, తన గిన్నెతో. తినేటప్పుడు నేను ఆ వైపు వెళ్ళకూడదని కోడలి ఆజ్ఞ. వెళ్ళలేదు.

రెండుసార్లు వెళ్ళాను.

జూలై 19

ఎరుపే. బరువు మాత్రం కొంచెం పెరిగిందంది నర్సమ్మ. కొంచెం అంటే కొంచెమే.

జూలై 22

డాన్సు మాస్టారు డ్రెస్సు ఇచ్చేశాను. వేసుకుని షాపులోనే ఒక చుట్టు తిరిగి చూపించాడు. "అదిరిందమ్మా! ఒక్క ముడత లేదు" అన్నాడు. "మీ మనవడెలా ఉన్నాడు?" అని కూడా అడిగాడు. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు, ఆయన మిషను మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సైరన్ సాయంత్రం లెక్క చెప్పింది. "సగం తిన్నాడు. నీళ్ళు తాగాడు. చీమని చూశాడు." చీమ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాను. వాడు దేన్నీ అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో!

నేనూ చెప్పాను. "పిడుగు మొత్తం తింది. పక్కవాడిది కూడా తింది."

జూలై 26

ఎరుపుకీ పసుపుకీ మధ్య గీత మీద. ఈసారి గీతను గీతగానే రాస్తున్నాను.

అబ్బాయి వచ్చాడు. లారీ దిగగానే కొడుకుని ఎత్తుకున్నాడు. అన్నీ నేనే చెప్పాను, కోడలిని చెప్పనివ్వలేదు. తరవాత నా వేలు పట్టుకుని చూసి, "చిన్నప్పుడు నా చొక్కాలన్నీ ఇందుకేనా అంత లూజు" అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో, నాకు తెలియలేదు.

జూలై 29

దొర వరసలో కూర్చున్నాడు, తిన్నాడు, లేచాడు. సైరన్ లెక్కలో విశేషం లేదు. నర్సమ్మ నిన్న, "ఓపిక పట్టండి, ఇలాంటి పిల్లలు ముందు లోపల బాగుపడతారు, తరవాత బయటికి తెలుస్తుంది" అంది. ఓపిక నాకు అలవాటు లేని సరుకు. నోరు మూసుకుని పప్పు కడుగుతున్నాను.

ఆగస్టు 2

ఇవాళ! ఇవాళ జరిగింది రాయాలి!

అందరికీ వడ్డించి లోపల గరిటెలు కడుగుతున్నాను. ఒక్కసారిగా సైరన్ మోగింది. నిజం సైరన్, పాత సైరన్, ఫ్యాక్టరీ గేటు గొంతు.

"పిన్నీ! బయటికి రండి! మీ దొర ఏం చేశాడో చూడండి!"

తడి చేతులతో వచ్చాను. అరుగు ముందు పిడుగు నేల మీద పొర్లుతూ ఏడుస్తోంది. జుట్టంతా చెదిరిపోయి ఉంది. దొర కనపడలేదు.

"వాడెక్కడ? ఏమైంది?"

"ఏమైందంటారేంటి! వాడి గిన్నె వాడు నాకేశాడు. అది చాలక మా పిల్ల గిన్నె లాక్కున్నాడు! ఇదివ్వనంటే జుట్టు పట్టుకుని గుంజి, గిన్నె ఎత్తుకుని పారిపోయాడు! సైకిల్ షాపు వెనక దాక్కుని తింటున్నాడు!"

తడి చేతులు చీరకు తుడుచుకున్నాను.

"మళ్ళీ చెప్పు" అన్నాను.

"లాక్కున్నాడంటున్నా పిన్నీ!"

"పరిగెత్తాడా?"

"పరిగెత్తడమేంటి, కుక్కపిల్లలా దౌడు తీశాడు! నేను పట్టుకోబోతే..." అంటూ ఆగింది. నా ముఖం చూసింది. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తరవాత ఆ తెరిచిన నోటితోనే వీధి వైపు తిరిగింది.

"లాక్కున్నాడమ్మా! దొర లాక్కుని తిన్నాడు! జుట్టు పట్టుకుని మరీ లాక్కున్నాడు!"

తలుపులు తెరుచుకున్నాయి. వడ్రంగి గారి భార్య చేట పట్టుకునే వచ్చేసింది. సైకిల్ షాపాయన షాపు వెనకనుంచి దొరను చంకలో ఇరికించుకుని తెచ్చాడు. వాడి మూతి నిండా మెతుకులు, చేతిలో పిడుగు గిన్నె, వదలమంటే వదలడు. నేను దగ్గరికి వెళ్తే కాలితో తన్నాడు. నా కడుపులో తన్నాడు, గట్టిగా!

పిడుగుకి ఇంకో గిన్నె నింపి పెట్టాను, గుడ్డు మొత్తం దానికే. ఏడుపు ఆపి తినసాగింది. ఎవరూ వాణ్ణి తిట్టలేదు. తిట్టాలని నాకూ తెలుసు. రేపు తిడతాను.

సైరన్ గొంతు వీధి చివర లాండ్రీ దాకా వెళ్ళింది. కోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది, ఒక చెప్పు ఎక్కడో వదిలేసి.

"ఏమైంది అత్తయ్యా? వాడికేమైంది?"

"నీ కొడుకు దొంగతనం చేశాడమ్మాయ్" అన్నాను.